క్రషర్ల రోడ్డుకు వీజీ-30 మేలా, వీజీ-40 మేలా? డీబీఎం, బీసీ మందాలపై సలహా కావాలి

ప్రశ్న: పల్నాడు సైట్ ఇంజినీరు

అందరికీ నమస్కారం. పల్నాడు జిల్లాలో రాష్ట్ర రహదారి నుంచి లోపలి గ్రామాలకు వెళ్లే 7 కిలోమీటర్ల బీటీ రోడ్డు పునరుద్ధరణ పనిని ఈ సీజనులో నేను పర్యవేక్షించవలసి ఉంది. రోడ్డు వెడల్పు 5.5 మీటర్లు. దారిలో రాతి క్రషర్లు ఉండటం వల్ల కంకర టిప్పర్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి. రెండు దిక్కులా కలిపి రోజుకు సగటున 200 వాణిజ్య వాహనాలు వెళ్తున్నాయని లెక్కింపులో తేలింది. ఇప్పుడున్నది వెట్ మిక్స్ (తడిపి గట్టిపరిచిన కంకర పొర) మీద 20 మి.మీ. ఓపెన్ గ్రేడెడ్ కార్పెట్ (పలుచని తారు కంకర పొర), దాని మీద సీల్ కోట్. నిండు లోడుతో టిప్పర్లు వచ్చే వైపు చక్రాల జాడలో పొడవునా గాడి పడింది, కొన్ని చోట్ల దాని లోతు 40 మి.మీ. దాకా ఉంది. సుమారు 2 కిలోమీటర్ల మేర నేల నల్లరేగడి, మిగిలింది గరప నేల.

మంజూరైన ఎస్టిమేటులో 50 మి.మీ. డీబీఎం (దట్టమైన కింది తారు కంకర పొర), దాని మీద 30 మి.మీ. బీసీ (బిట్యుమినస్ కాంక్రీట్, పై పొర), రెండింటికీ వీజీ-30 తారు అని ఉంది (వీజీ అంటే స్నిగ్ధతను, అంటే చిక్కదనాన్ని బట్టి ఇచ్చే గ్రేడు, అంకె పెరిగితే తారు గట్టిది). మా పై అధికారి గాడి పడిన తీరు చూసి వీజీ-40కి మార్చే విషయం ఆలోచించమన్నారు. గుత్తేదారు మాత్రం వీజీ-40 వాడితే రోడ్డు పగులుతుందని, డీబీఎం బదులు బీఎం (తారు తక్కువ, ఖాళీలు ఎక్కువ ఉండే మిశ్రమం) వేస్తే ఖర్చు తగ్గుతుందని అంటున్నారు.

పుస్తకాలు చూస్తే నా సందేహం తీరకపోగా పెరిగింది. కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ నిర్దేశాల ఐదో సవరణలో, రోజువారీ సగటు ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటే ప్రాంతాలకు వీజీ-30 అని ఉంది. తారుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 73 లో, అంటే 2013 నాటి సవరణలో, వరుసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 38 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటే వీజీ-30, 45 దాటితే వీజీ-40 అని ఉంది. రెంటచింతల ఎండలు ఎలా ఉంటాయో తెలిసినవారికి మేము సరిగ్గా ఆ గీత మీదే నిలబడ్డామని అర్థమవుతుంది. ఈ స్థితిలో ఏ తారు ఎంచుకోవాలి, డీబీఎం, బీసీ మందాలు సరిపోతాయా, గుత్తేదారు చెప్పే బీఎం ఆలోచనలో న్యాయం ఉందా? అనుభవజ్ఞులు దయచేసి కారణాలతో సహా చెప్పగలరు. ప్లాస్టిక్ వ్యర్థాలు కలిపితే గాడి పడదని కూడా ఒకరు సలహా ఇచ్చారు, దాని సంగతి కూడా తెలియజేయగలరు.

జవాబు 1: విశ్రాంత డీఈ, గుంటూరు

మీరు ఇచ్చిన వివరాల్లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. తారు పొర మందం 20 మి.మీ., గాడి లోతు 40 మి.మీ. ఇరవై మిల్లీమీటర్ల పొర ఎంత మెత్తబడినా, ఎంత పక్కకు జరిగినా, తన మందానికి రెట్టింపు లోతు గాడిని తనంతట తాను ఇవ్వలేదు. కాబట్టి ఆ గాడి తారులో పడింది కాదు, దాని కింద ఉన్న వెట్ మిక్స్‌లోనో, ఇంకా కిందనున్న నేలలోనో పడింది. అలాంటి చోట వీజీ-30 తీసి వీజీ-40 పెట్టడం వల్ల ప్రయోజనం ఉండదు, పైగా నష్టం ఉండవచ్చు. అందువల్ల తారు గ్రేడు నిర్ణయించే ముందు మీరు చేయవలసిన పని, లోడు వైపు చక్రాల జాడలో అడ్డంగా కందకం తీయించి పొరలు ఎక్కడ వంగాయో కళ్లారా చూడటం. గాడి వెడల్పుగా, పళ్లెంలా దిగి, అంచుల్లో ఉబ్బు లేకపోతే జబ్బు కింద ఉంది. గాడి ఇరుకుగా ఉండి దాని పక్కన తారు ఒత్తుకుని గట్టులా లేచి ఉంటే జబ్బు పై మిశ్రమంలో ఉంది. ఈ రెంటికీ మందు ఒకటి కాదు.

ఇక బరువు సంగతి. ఐఆర్‌సీ 37 (భారత రోడ్డు కాంగ్రెస్ రూపకల్పన పుస్తకం), 2018 ప్రతి ప్రకారం 5.5 మీటర్ల రోడ్డుకు రెండు దిక్కుల వాహనాల్లో 75 శాతం లెక్కలోకి తీసుకోవాలి. ఇరుసు బరువుల సర్వే చేయని చోట, రోజుకు 150 నుంచి 1500 వాహనాలుండే మైదాన ప్రాంతానికి వాహన నష్ట గుణకం (ఒక వాహనం ఎన్ని ప్రామాణిక ఇరుసులకు సమానమో చెప్పే సంఖ్య) 3.9. అంటే మొదటి ఏడాది రోజుకు 585 ప్రామాణిక ఇరుసులు. ఏటా 5 శాతం పెరుగుదలతో 15 ఏళ్లకు మొత్తం 46 లక్షలు, అంటే 4.6 ఎంఎస్ఏ (పది లక్షల ప్రామాణిక ఇరుసులు ఒక ఎంఎస్ఏ). కానీ ఆ 3.9 సాధారణ రోడ్లకు చెప్పిన సంఖ్య. నష్టం బరువుకు నాలుగో ఘాతంలో పెరుగుతుంది. ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. 2018 లో పెంచిన పరిమితి ప్రకారం నాలుగు టైర్ల ఒంటి ఇరుసు 11.5 టన్నులు మోయవచ్చు, అదొక్కటే దాదాపు నాలుగు ప్రామాణిక ఇరుసులకు సమానం. అదే ఇరుసు మీద 15 టన్నులు వేసుకుని వస్తే అది పదకొండుకు పైమాటే. క్రషర్ దగ్గర ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. వే బ్రిడ్జి చీటీలు సంపాదించి మీ గుణకం మీరే కట్టుకోండి. గుణకం 7 అని తేలితే మీ రోడ్డు 8.3 ఎంఎస్ఏ రోడ్డు అవుతుంది. ఏ విధంగా చూసినా 2 ఎంఎస్ఏ దాటింది కాబట్టి ఇది తక్కువ రద్దీ గ్రామీణ రోడ్ల కోవలోకి రాదు, 20 ఎంఎస్ఏ లోపే కాబట్టి వీజీ-40 తప్పనిసరి అయ్యే కోవలోకీ రాదు. రెండింటిలో ఏదైనా ఎంచుకునే స్వేచ్ఛ మీకుంది.

ఆ స్వేచ్ఛ ఉన్నప్పుడు 80, 100 మి.మీ. తారు పొరలున్న రోడ్డుకు నేను వీజీ-30 వైపే మొగ్గుతాను. కారణం చెబుతాను. అదే ఐఆర్‌సీ పుస్తకంలో 35 డిగ్రీల దగ్గర వీజీ-30 మిశ్రమం స్థితిస్థాపక గుణకం (గట్టిదనపు కొలత) 2000 మెగా పాస్కళ్లు, వీజీ-40 ది 3000. గట్టిదనం మందమైన పొరలో వరం, ఎందుకంటే అది బరువును పరచి కింద పొరల మీద ఒత్తిడి తగ్గిస్తుంది. పలుచని పొర కింద నేల మెత్తగా ఉంటే ఆ పొర ఎలాగూ వంగక తప్పదు, వంగినప్పుడు గట్టి మిశ్రమమే ముందు పగులుతుంది. ఆ పుస్తకంలోని అలసట సమీకరణం కూడా ఇదే చెబుతుంది, అడుగున సాగుదల సమానంగా ఉన్నప్పుడు స్థితిస్థాపక గుణకం పెరిగినకొద్దీ ఆయుర్దాయం తగ్గుతుంది. కాబట్టి మీ గుత్తేదారు మాటలో సగం నిజం ఉంది. వీజీ-40 స్వభావరీత్యా పగిలే తారు అనడం సరికాదు, కానీ బలహీనమైన అడుగు మీద పలుచగా వేస్తే పగులుతుంది.

బీఎం సంగతి మాత్రం ఒప్పుకోవద్దు. బీఎంలో తారు సుమారు 3.3 శాతం, ఖాళీలు విస్తారం, దానికి మార్షల్ పద్ధతిలో (ప్రయోగశాలలో అచ్చుపోసి పరీక్షించి తారు శాతం తేల్చే పద్ధతి) మిశ్రమ రూపకల్పనే లేదు. పైన బీసీ ఎంత దట్టంగా వేసినా ఏదో ఒక పగులులోంచి వాన నీరు దిగుతుంది, దిగిన నీరు బీఎంలో నిలుస్తుంది, ఆ మీద టిప్పరు చక్రం పడిన ప్రతిసారీ ఆ నీరు కంకర నుంచి తారును ఒలిచేస్తుంది. ఖర్చు తగ్గించాలంటే వేరే దారులున్నాయి.

మందాల విషయంలో ఎస్టిమేటు నిబంధనకు లోబడే ఉంది కానీ అంచు మీద ఉంది. డీబీఎం రెండో గ్రేడింగులో (కంకర సైజుల మేళవింపులో) కంకర నామమాత్ర పరిమాణం 26.5 మి.మీ., దానికి అనుమతించిన మందం 50 నుంచి 75 మి.మీ. బీసీ రెండో గ్రేడింగులో 13.2 మి.మీ. పొర మందం కంకర పరిమాణానికి కనీసం మూడు రెట్లుంటేనే రాళ్లు రోలరు కింద సర్దుకుంటాయన్నది పాత అనుభవం. యాభై మిల్లీమీటర్లలో 26.5 మి.మీ. రాయి అంటే రెండు రెట్లు కూడా లేదు, రాళ్లు ఒకదాని మీద ఒకటి నిలబడి రోలరును ఆపేస్తాయి, కొన్ని నలిగిపోతాయి. డీబీఎం 60కి తగ్గకుండా, బీసీ 40 మి.మీ. ఉండేలా సవరణ ప్రతిపాదన పంపండి. అందుకు నిధులు లేవంటే తారు గ్రేడు మీద పెట్టదలచిన అదనపు డబ్బును నల్లరేగడి ఉన్న 2 కిలోమీటర్ల అడుగు మీద పెట్టండి. అక్కడ సున్నంతో నేలను స్థిరపరచడం, పక్క కాలువలు తవ్వించడం, బెర్ములను (రోడ్డు పక్క మట్టి అంచులను) కంకర గరపతో గట్టిపరచడం ఏ తారు కంటే ఎక్కువ ఫలితమిస్తాయి. రేగడి అంచుల్లో వేసవికి ఎండి కుంచించుకుంటుంది, వానకు ఉబ్బుతుంది, ఆ కదలికకు అంచు పగుళ్లు రాకుండా ఆపగల తారు ఏ రిఫైనరీలోనూ తయారు కావడం లేదు.

ప్లాస్టిక్ గురించి: పొడి పద్ధతిలో తురిమిన ప్లాస్టిక్‌ను తారు బరువులో 6 నుంచి 8 శాతం మేర వేడి కంకర మీద చల్లి పూత పట్టిస్తారు. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాల ఆచార్యులు రాజగోపాలన్ వాసుదేవన్ చూపిన దారి ఇది, ఆయనకు 2018 లో పద్మశ్రీ వచ్చింది. ఐఆర్‌సీ ఎస్‌పీ 98 దానికి మార్గదర్శకం. మిశ్రమం బలం, నీటిని తట్టుకునే గుణం పెరుగుతాయి. పీవీసీ మాత్రం కలవకూడదు, వేడికి విషవాయువులు వస్తాయి. అయితే మీ గాడి కింద పొరలో ఉంటే దీనివల్ల కూడా గాడి ఆగదు.

జవాబు 2: నాణ్యత ప్రయోగశాల, హైదరాబాద్

డీఈ గారు చెప్పిన క్రమం సరైనదే. నేను చెప్పదలచింది వారు తాకని ఒక అంశం గురించి. తారు గ్రేడు గురించి పై స్థాయిలో ఇంత చర్చ జరిగాక, ప్లాంటులో ఆ తారుకు పట్టే గతి చూస్తే ఆ చర్చకు అర్థం లేకుండా పోతుంది. వీజీ-30 కి 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధత 2400 నుంచి 3600 పాయిజుల మధ్య ఉండాలి, వీజీ-40 కి 3200 నుంచి 4800. రెండింటి హద్దులు ఒకదాని మీదికి ఒకటి వస్తున్న సంగతి గమనించండి. 3400 పాయిజుల తారు ఏ పేరుతోనైనా చలామణి కాగలదు. వీజీ-30 ని 190 డిగ్రీల దాకా పొగలు వచ్చేలా కాచే ప్లాంటులో అది రోడ్డు మీదికి చేరేసరికి గట్టిదనంలో వీజీ-40 ని మించిపోతుంది, కానీ వీజీ-40 కి ఉండే మన్నిక దానికి ఉండదు, ఎందుకంటే అది ఆక్సీకరణ వల్ల వచ్చిన గట్టిదనం. నిర్దేశాల ప్రకారం వీజీ-30 తారును 150 నుంచి 165 డిగ్రీల మధ్య, వీజీ-40 ని 160 నుంచి 170 మధ్య వేడి చేయాలి. మిశ్రమాన్ని పరిచేటప్పుడు వీజీ-30 కి 140, వీజీ-40 కి 150 డిగ్రీలకు తగ్గకూడదు. ప్లాంటు ఎంత దూరమో మీరు రాయలేదు. దూరమైతే టార్పాలిన్ కప్పకుండా బయలుదేరిన టిప్పరును సైటులోకి రానివ్వవద్దు.

ట్యాంకరు వచ్చినప్పుడు రిఫైనరీ ధ్రువపత్రంతో సరిపెట్టుకోకండి. సైటు ల్యాబులో పెనెట్రేషన్ (తారులోకి సూది దిగే లోతు), సాఫ్టెనింగ్ పాయింట్ (తారు మెత్తబడే ఉష్ణోగ్రత) పరీక్షలు ఎవరైనా చేయగలరు. వీజీ-30 కి పెనెట్రేషన్ కనీసం 45, సాఫ్టెనింగ్ పాయింట్ కనీసం 47 డిగ్రీలు ఉండాలి. వీజీ-40 కి అవి 35, 50. ఇవి స్నిగ్ధతకు ప్రత్యామ్నాయం కావు. అసలు 2006 లో మన దేశం పాత 60/70, 80/100 పద్ధతి వదిలి స్నిగ్ధత పద్ధతికి మారడానికి కారణం కూడా అదే: 25 డిగ్రీల దగ్గర సూది ఒకే లోతు దిగిన రెండు తారులు 60 డిగ్రీల ఎండలో ఒకే విధంగా ప్రవర్తించవు. అందుకని ప్రతి ట్యాంకరు నుంచి సీలు వేసిన నమూనా తీసి 60 డిగ్రీల స్నిగ్ధత పరీక్షకు పంపించండి.

రాయి విషయం మరీ ముఖ్యం. గ్రానైటు జాతి రాయిలో సిలికా ఎక్కువ, అది తారు కంటే నీటినే ఎక్కువగా ఇష్టపడుతుంది. అలాంటి కంకర మీద ఎంత మంచి తారు పూసినా రెండు వానాకాలాల్లో ఊడిపోయే ప్రమాదం ఉంది. తారు పూసిన కంకరను 40 డిగ్రీల నీటిలో 24 గంటలుంచి, 95 శాతం పూత నిలుస్తుందో లేదో చూడండి. మిశ్రమం మీద తన్యత బల నిష్పత్తి పరీక్ష (తడిసిన నమూనా బలాన్ని పొడి నమూనాతో పోల్చేది) చేయించి 80 శాతానికి తగ్గకుండా చూడండి. తగ్గితే ఫిల్లరుగా (కంకర సందులు నింపే మెత్తటి పొడిగా) మొత్తం కంకర బరువులో 2 శాతం హైడ్రేటెడ్ సున్నపు పొడి (నీటితో విరిచి ఆరబెట్టిన సున్నం) కలపడం నాకు తెలిసిన మార్గాల్లో చవకైనదీ, నమ్మదగినదీ. మీ పక్కనే పిడుగురాళ్ల ఉంది, సున్నపు బట్టీలకు పేరుపడిన ఊరు. సున్నం కోసం మీరు దూరం వెళ్లనక్కరలేదు. అయితే పొడి మెత్తగా, తడిలేకుండా, ఉండలు కట్టకుండా ఉండాలి. బట్టీ అడుగున మిగిలిన రద్దు పనికిరాదు.

మిశ్రమ రూపకల్పనలో తారు శాతాన్ని కనీస హద్దుకు అంటిపెట్టుకుని నిర్ణయించే అలవాటు మనవారిలో బాగా పాతుకుపోయింది. బీసీ రెండో గ్రేడింగుకు 5.4 శాతం, డీబీఎం రెండో గ్రేడింగుకు 4.5 శాతం కనీసాలు. అవి లక్ష్యాలు కావు, 2.7 సాపేక్ష సాంద్రత గల కంకరను ఊహించి చెప్పిన హద్దులు. మార్షల్ అచ్చులో రెండు ముఖాల మీద 75 దెబ్బల తర్వాత ఖాళీలు 3 నుంచి 5 శాతం, తారుతో నిండిన ఖాళీలు 65 నుంచి 75 శాతం, స్థిరత్వం (అచ్చు మోయగల గరిష్ఠ బరువు) 9 కిలో న్యూటన్లకు పైన, ఫ్లో (ఆ బరువు వద్ద అచ్చు నలిగిన మేర) 2 నుంచి 4 మి.మీ. మధ్య వచ్చే శాతాన్ని వెతకండి. స్థిరత్వం 16, 18 వచ్చిందని సంబరపడే నివేదికలు నా బల్ల మీదికి చాలా వస్తాయి. నేను వాటిలో ముందు ఫ్లో చూస్తాను. స్థిరత్వం ఎక్కువై ఫ్లో 2 దగ్గర ఆగితే అది ఎండిన రొట్టె, మీ రేగడి నేల మీద అది ఎక్కువ కాలం నిలవదు.

ఇంకొక మాట, రోడ్డు మీద రోలింగు తర్వాత తీసిన కోరులో (పొరను తొలిచి తీసిన గుండ్రటి నమూనాలో) ఖాళీలు 8 శాతం దాటితే నీరు లోపలికి దారి చేసుకుంటుంది. అప్పుడు ఏ గ్రేడు వాడామన్న ప్రశ్నకు విలువ ఉండదు.

జవాబు 3: రోడ్డు గుత్తేదారు, ఖమ్మం

అయ్యా, గుత్తేదారుల పక్షాన ఒక్క మాట. వీజీ-40 అనగానే మావాళ్లు వెనకాడటానికి కారణం పగుళ్ల భయం ఒక్కటే కాదు. దానికి ప్లాంటులో ఇంధనం ఎక్కువ కాలుతుంది, రోలింగు సమయం తగ్గుతుంది, గాలి వీస్తున్న సాయంత్రం 30 మి.మీ. బీసీ పరిస్తే పేవరు (మిశ్రమాన్ని పరిచే యంత్రం) పది మీటర్లు ముందుకు పోయేలోపు పొర చల్లబడుతుంది. వీజీ-40 కి 100 డిగ్రీల కిందికి వచ్చాక రోలరు తిప్పి లాభం లేదు. పలుచని పొరలో ఆ వేడి నిమిషాల్లో పోతుంది. కాబట్టి ఇంజినీరు గారు మందం పెంచగలిగితే మాకు కూడా మేలే, సాంద్రత వస్తుంది, కోరు ఫెయిల్ కాదు, బిల్లు ఆగదు. మందం పెంచలేకపోతే మధ్యాహ్నపు ఎండలో మాత్రమే బీసీ వేయించండి, పేవరు వెనకే రోలరు ఉండాలి. టాక్ కోటు (కొత్త పొర అంటుకోవడానికి ముందు చల్లే పలుచని తారు పూత) విషయంలో కూడా కఠినంగా ఉండండి. పాత తారు మీద ఆర్‌ఎస్-1 ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) చదరపు మీటరుకు 0.20 నుంచి 0.30 కిలోలు చాలు, కానీ దుమ్ము ఊడ్చి, ఎయిర్ కంప్రెసరు కొట్టాకే. క్రషర్ల రోడ్డు మీద దుమ్ము ఊడ్చిన గంటకే మళ్లీ పేరుకుంటుందని మీకు చెప్పనక్కరలేదు, ట్రాఫిక్ ఆపకుండా టాక్ కోటు కొట్టించడం దండగ.

ప్రశ్న అడిగినవారి స్పందన: పల్నాడు సైట్ ఇంజినీరు

అందరికీ కృతజ్ఞతలు. డీఈ గారి సూచన మేరకు కందకాలు తీయించాను. నల్లరేగడి ఉన్న భాగంలో వారు ఊహించినట్లే జరిగింది. వెట్ మిక్స్ 150 మి.మీ. ఉన్నా దాని అడుగు సగంలోకి రేగడి బంక ఎక్కి ఉంది, గాడి కింద నేల పళ్లెంలా వంగి ఉంది, అంచుల్లో ఉబ్బు లేదు. ఆ భాగానికి అడుగు నుంచి మళ్లీ కట్టే ప్రతిపాదన తయారు చేస్తున్నాను.

అయితే క్రషర్ల గేట్ల ముందు 400 మీటర్ల భాగంలో పరిస్థితి పూర్తిగా భిన్నంగా ఉంది. అక్కడ మధ్యలో ఎప్పుడో ప్రత్యేకంగా బీసీ వేసినట్లు తెలిసింది, కందకంలో తారు పొర మొత్తం 70 మి.మీ. ఉంది. దాని కింద వెట్ మిక్స్ చెక్కుచెదరలేదు, నేల గరప. గాడి మాత్రం ఇరుకుగా ఉంది, రెండు పక్కలా తారు గట్టులా లేచింది. టిప్పర్లు అక్కడ ఎక్కుడు మీద మొదటి గేరులో కదులుతాయి, తూకం కోసం వరుసగా నిలబడతాయి. కడిగిన కంకర లోడుల నుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ఇక్కడ మాత్రం తారు గ్రేడు ప్రశ్న నిజమైన ప్రశ్నే అనిపిస్తోంది. ఈ 400 మీటర్లకు వీజీ-40 చాలా, లేక పాలిమర్ కలిపిన పీఎంబీ అవసరమా? ప్లాంటు మాకు దాదాపు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది.

జవాబు 4: డాలస్ నుంచి ఒక తెలుగు ఇంజినీరు

నేను టెక్సస్‌లో పేవ్‌మెంట్ రూపకల్పనలో పనిచేస్తున్నాను. మీ గేటు ముందు భాగం గురించి మాత్రమే రాస్తాను.

అమెరికాలో 1987 నుంచి 1993 వరకు సాగిన వ్యూహాత్మక రహదారి పరిశోధన కార్యక్రమం తర్వాత తారును గాలి ఉష్ణోగ్రతను బట్టి కాక రోడ్డు ఉష్ణోగ్రతను బట్టి ఎంచుకునే పీజీ పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో ఉపరితలం నుంచి 20 మి.మీ. లోతున రోడ్డు ఎంత వేడెక్కుతుందో అక్షాంశం, ఏడు రోజుల గరిష్ఠ గాలి ఉష్ణోగ్రతల సగటు ఆధారంగా లెక్కకడతారు. మీ ప్రాంతం అక్షాంశం సుమారు 16.5 డిగ్రీలు. గాలి సగటు 44 డిగ్రీలు అనుకుంటే రోడ్డు లోపల 66.5 డిగ్రీలు వస్తుంది. 42 అనుకున్నా 64 దాటుతుంది. అంటే మీరు వీజీ-30, వీజీ-40 మధ్య గీత మీద నిలబడ్డారన్న మాట ఈ పద్ధతిలో కూడా నిజమే. మామూలు వేగంతో వాహనాలు పోయే రోడ్డుకే మీకు పీజీ 70 తరగతి (70 డిగ్రీల దాకా రోడ్డు వేడిని తట్టుకునే తారు) కావాలి. వీజీ-30 సుమారుగా 64 తరగతికి, వీజీ-40 సుమారుగా 70 తరగతికి దగ్గరగా ఉంటాయి. ఈ పోలిక కచ్చితమైనది కాదు, తారు ఏ ముడి చమురు నుంచి వచ్చిందన్న దాన్ని బట్టి మారుతుంది.

ఇప్పుడు వేగం సంగతి. తారుకు బరువు ఎంత పడిందన్నది ఎంత ముఖ్యమో, ఆ బరువు ఎంతసేపు ఉందన్నది అంతే ముఖ్యం. ఇక్కడి కొత్త నిర్దేశాల్లో 3 కోట్ల ప్రామాణిక ఇరుసులు దాటిన రహదారినీ, గంటకు 20 కిలోమీటర్ల కంటే తక్కువ వేగంతో వాహనాలు కదిలే రోడ్డునూ ఒకే తరగతిలో, చాలా భారమైన రద్దీ కింద లెక్కిస్తారు. మీ రోడ్డు మొత్తం మీద 5 లేదా 8 ఎంఎస్ఏ రోడ్డు కావచ్చు, కానీ ఆ 400 మీటర్లు తారు దృష్టిలో జాతీయ రహదారితో సమానం. గరప నేల మీద, గట్టి వెట్ మిక్స్ మీద, తగిన మందంతో వేస్తారు కాబట్టి అక్కడ గట్టి తారుకు పగుళ్ల భయం చాలా తక్కువ. వేడి లెక్క ఎలా ఉన్నా, పగుళ్ల భయం దృష్ట్యా మిగతా రోడ్డుకు డీఈ గారు చెప్పిన వీజీ-30 వాదనతో నాకు విభేదం లేదు.

పీఎంబీ వాడితే సాంకేతికంగా ఇంకా మంచిది. ఐఎస్ 15462 లో 2019 సవరణ తర్వాత పేర్లు కూడా పీజీ తరహాలోనే ఉన్నాయి, మీకు పీఎంబీ 76-10 సరిపోతుంది. కానీ పరిమాణం లెక్కవేయండి. 400 మీటర్ల పొడవు, 5.5 మీటర్ల వెడల్పు, 40 మి.మీ. బీసీ అంటే సుమారు 207 టన్నుల మిశ్రమం, అందులో 11 టన్నుల తారు. అంత చిన్న పరిమాణానికి పీఎంబీ తెప్పించడం, దాన్ని కలియబెట్టే యంత్రమున్న ట్యాంకులో వేడిగా ఉంచడం, మిగిలింది పారబోయడం ఎవరికీ గిట్టుబాటు కాదు. దాని బదులు అదే భాగంలో పాత, ఒత్తుకుపోయిన తారు పొరను పూర్తిగా గీకి తీసేసి, 60 మి.మీ. డీబీఎం, 40 మి.మీ. బీసీ రెండూ వీజీ-40 తోనే వేస్తే డీబీఎంకు మరో 14 టన్నులు కలిసి మొత్తం 25 టన్నులు అవుతుంది. అది ఒక పెద్ద ట్యాంకరు లోడు. పాత పొరను తీయకుండా దాని మీద వేస్తే మాత్రం ఎంత ఖరీదైన తారు వేసినా కిందది మళ్లీ జరుగుతుంది, పైది దాని వెంట పోతుంది.

లారీలు నిలబడి తూకం వేయించుకునే చోటుకు, అంటే గేటు ముందు చివరి ముప్పై, నలభై మీటర్లకు, నా ఓటు సిమెంటు కాంక్రీటుకే. నిలిచిన బరువు, కారే నీరు, ఒలికిన డీజిలు, ఈ మూడూ ఒకచోట చేరితే తారును వదిలేయడం మంచిది.

జవాబు 5: నాణ్యత ప్రయోగశాల, హైదరాబాద్

డాలస్ మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను, కాంక్రీటు మాటతో సహా. తడి లోడుల నీళ్లు కారే ఆ భాగంలో సున్నం ఫిల్లరును ఐచ్ఛికంగా కాక తప్పనిసరిగా పెట్టించండి. గేటుకు పై వైపు అడ్డంగా ఒక చిన్న కాలువ తీయించి నీటిని రోడ్డు మీదికి రాకుండా పక్కకు మళ్లించండి. కంకర పదును, మూలలు చూడండి, పలక రాళ్లు, పొడుగు రాళ్లు కలిపి 35 శాతం దాటకూడదు. నది ఇసుక బదులు క్రషర్ డస్టు వాడితే అంతర్గత పట్టు పెరుగుతుంది, నెమ్మదిగా కదిలే లోడు కింద గాడిని ఆపడంలో దాని పాత్ర తారు గ్రేడుకు తీసిపోదు. వీజీ-30, వీజీ-40 లకు వేర్వేరు మార్షల్ రూపకల్పనలు చేయించండి, ఒకదాని తారు శాతాన్ని రెండోదానికి అంటగట్టవద్దు. 60 కిలోమీటర్ల రవాణా వేసవిలో ఇబ్బంది కాదు, ప్లాంటులో 165 డిగ్రీల దగ్గర ఎక్కిన మిశ్రమం కప్పుకుని వస్తే సైటులో 150 నిలుస్తుంది. ప్రతి టిప్పరులో థర్మామీటరు గుచ్చి రిజిస్టరులో రాయించండి.

చివరగా ప్లాంటు దగ్గర ఒక జాగ్రత్త. మీరు ఒకే పనిలో రెండు గ్రేడులు వాడబోతున్నారు. చాలా ప్లాంట్లలో వాడకానికి ఒకే ట్యాంకు ఉంటుంది, వీజీ-30 అడుగున మిగిలి ఉండగానే వీజీ-40 ట్యాంకరును అందులో దింపేస్తారు. అప్పుడు గేటు ముందు పడేది రెండూ కాని మూడో రకం అవుతుంది. కాబట్టి 400 మీటర్ల పనిని ముందే పూర్తి చేసుకోండి, ఆ రోజు ట్యాంకు ఖాళీగా ఉందని మీ వర్క్ ఇన్‌స్పెక్టరు స్వయంగా చూసి సంతకం చేశాకే వీజీ-40 ని దింపనివ్వండి, పంపు గొట్టాల్లో నిలిచిన పాత తారును కూడా బయటికి తీయించండి. మిశ్రమం మొదలైన తర్వాత ప్లాంటు ట్యాంకు నుంచి ఒక నమూనా తీసి ట్యాంకరు నమూనాతో పాటు మాలాంటి ల్యాబుకు పంపితే, రెండింటి స్నిగ్ధత పక్కపక్కన పెట్టి చూడవచ్చు.